గిటార్‌కి వైరు తగిలించినందుకు: కయెతానో వెలోజో కథ

ఈ రోజు ఒక వింత ఊరేగింపుతో మొదలుపెడదాం.

1967 జూలై 17. బ్రెజిల్‌లోని సావో పాలో నగరం. రోడ్డు నిండా జనం, బ్యానర్లు. ముందు వరసలో ఆ దేశంలో పేరున్న సింగర్లు చేతులు పట్టుకుని నడుస్తున్నారు. దేని కోసం ఆ ర్యాలీ అనుకుంటున్నారు? ధరలు తగ్గించమనా? జీతాలు పెంచమనా? లేదండీ. ఎలక్ట్రిక్ గిటార్ మా పాటల్లోకి రాకూడదు అని. మీరు సరిగ్గానే విన్నారు. ఒక వాయిద్యానికి వ్యతిరేకంగా నిజంగానే ఊరేగింపు తీశారు.

దగ్గర్లో ఒక హోటల్. దాని కిటికీ దగ్గర ఇద్దరు నిలబడి ఇదంతా చూస్తున్నారు. ఒకరు నారా లెయావ్ అనే సింగర్. ఇంకొకరు 24 ఏళ్ల కుర్రాడు, పేరు కయెతానో వెలోజో. కింద నడిచేవాళ్లలో ఆ కుర్రాడి ప్రాణస్నేహితుడు జిల్‌బెర్తో జిల్ కూడా ఉన్నాడు. నారా ఆ ఊరేగింపు చూసి, ఇది ఫాసిస్టుల కవాతులా ఉందే అంది. కయెతానోకి కూడా అదే అనిపించింది.

ఇంకో ఏడాదిన్నర గడిచేసరికి, కిటికీలోంచి చూసిన ఆ కుర్రాడూ కింద నడిచిన ఆ స్నేహితుడూ ఇద్దరూ మిలిటరీ జైల్లో ఉన్నారు. ఆ మధ్యలో ఏం జరిగింది అన్నదే ఈ రోజు ఎపిసోడ్.

ముందు నా సంగతి ఒక్క నిమిషం చెప్తాను, ఎందుకంటే ఈ కథ నాకెందుకు తగిలిందో మీకు తెలియాలి. బీటెక్ సెకండ్ ఇయర్‌లో కాలేజీ ఫెస్ట్‌లో మా బ్యాచ్ ఒక కీర్తన ఎత్తుకుంది. నేను దాని మీద డిస్టార్షన్ పెట్టి గిటార్ వాయించాను. ముందు వరసల్లోంచి ఒకటే గోల. దిగాక ఒక సీనియర్ భుజం మీద చెయ్యేసి అన్నాడు: "రేయ్, రాక్ అయితే రాక్ వాయించు, కీర్తన అయితే కీర్తన పాడు. రెండు పడవల మీద కాళ్లు పెట్టకురా, మునుగుతావ్." అంతే. నేను గిటార్‌ని అటక ఎక్కించేశాను. తర్వాత ఐటీ జాబ్, నైట్ షిఫ్ట్. హెడ్‌ఫోన్స్‌లో ఏదో "ఫోకస్ మ్యూజిక్" ప్లేలిస్ట్ నడుస్తుండేది. మెత్తటి గిటార్, గుసగుసలాడే గొంతు. కాఫీ షాపుల్లో మీరూ వినే ఉంటారు. అదే బోసా నోవా. నేను లిఫ్ట్‌లో వేసే పాట అనుకునేవాణ్ని. ఒక రాత్రి డిప్లాయ్‌మెంట్ అవ్వక ఖాళీగా కూర్చుని, ఆ పాటలు పాడేది ఎవరా అని వెతకడం మొదలుపెట్టాను. అలా దొరికాడు ఈ కయెతానో.

సరే, అసలు బోసా నోవా అంటే ఏంటి?

బ్రెజిల్ అంటే సాంబా. కార్నివాల్‌లో డజన్ల కొద్దీ డప్పులు ఒకేసారి మోగుతాయి కదా, అది. 1950ల చివర్లో రియో నగరంలో సముద్రం ఒడ్డున, కోపకబానా, ఇపనీమా వైపు అపార్ట్‌మెంట్లలో కుర్రాళ్లు కూడి పాటలు కట్టేవాళ్లు. ఇందాక చెప్పిన నారా లెయావ్ వాళ్ల ఇల్లు కూడా అలాంటి అడ్డానే. అపార్ట్‌మెంట్‌లో వంద డప్పులు కొడితే పక్కింటివాళ్లు ఊరుకోరు కదా! అయితే ఈ లెక్కని నిజంగా తేల్చినవాడు మాత్రం బయటి నుంచి వచ్చాడు. బయీయా రాష్ట్రంలోని జువజేరో అనే ఊరు నుంచి వచ్చిన జొవావ్ జిల్‌బెర్తో.

ఆయన చేసిన పని వినడానికి సింపుల్. మొత్తం సాంబా డప్పుల గుంపుని ఒక్క మామూలు గిటార్ మీదకి దించేశాడు. బొటనవేలు కింది తీగల మీద పెద్ద డప్పులా స్థిరంగా కొడుతుంది. మిగతా వేళ్లు చిన్న డప్పులా, తాళానికి అటూ ఇటూ తప్పుకుంటూ కార్డ్స్ వాయిస్తాయి. గొంతు ఎత్తడు. పక్కన కూర్చున్నవాడితో మాట్లాడినట్టు పాడతాడు. మైక్ ఉందిగా, అరవడం దేనికి? 1958లో "షేగా ది సౌదాది" అనే పాట సింగిల్‌గా వచ్చింది, తర్వాతి ఏడాది అదే పేరుతో ఆల్బమ్. టామ్ జోబీమ్ ట్యూన్, వినీసియస్ ది మొరాయెస్ మాటలు, జొవావ్ గొంతు. బ్రెజిల్ పాటకి అది ఒక మలుపు.

మన హీరోకి అప్పుడు 17 ఏళ్లు. కయెతానో 1942 ఆగస్టు 7న పుట్టాడు, అదే బయీయా రాష్ట్రంలో సాంతో అమారో అనే చిన్న ఊళ్లో. చెరకు తోటల ప్రాంతం అది. నాన్న పోస్టు, టెలిగ్రాఫ్ ఆఫీసులో ఉద్యోగి. ఏడుగురు పిల్లల్లో కయెతానో ఐదోవాడు. చెల్లి పుట్టినప్పుడు, రేడియోలో తనకి నచ్చిన ఒక పాటలోంచి బెతానియా అనే పేరు పెట్టమని పట్టుబట్టింది నాలుగేళ్ల కయెతానోనే. ఆ చెల్లే తర్వాత మరియా బెతానియా, బ్రెజిల్‌లో అతిపెద్ద గాయనుల్లో ఒకరు అయింది.

ఆ ఊళ్లో ఒక బార్‌లో జొవావ్ రికార్డు మోగేది. కయెతానో, ఫ్రెండ్స్ కేవలం అది వినడానికే అక్కడికి వెళ్లేవాళ్లు. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. ఆ కుర్రాడికి గురువు దొరికింది అక్కడే, ఆ గురువుని జీవితంలో ఎప్పుడూ వదల్లేదు. తర్వాత ఆయన ఎంత పెద్ద రచ్చ చేసినా, జొవావ్ జిల్‌బెర్తో చూపించిన దారిలోనే వెళ్తున్నా అనే చెప్పాడు.

1960లో కుటుంబం రాష్ట్ర రాజధాని సాల్వదోర్‌కి మారింది. యూనివర్సిటీలో ఫిలాసఫీ చదివాడు, పేపర్‌కి సినిమా రివ్యూలు రాశాడు. అక్కడే జిల్, గాల్ కోస్తా పరిచయం. ఒక చిన్న గమనిక: జొవావ్ జిల్‌బెర్తో వేరు, జిల్‌బెర్తో జిల్ వేరు. మొదటాయన గురువు, రెండో ఆయన స్నేహితుడు. నేనూ మొదట్లో కన్‌ఫ్యూజ్ అయ్యాను. 1965లో 18 ఏళ్ల బెతానియాకి రియోలో ఒక స్టేజ్ షోలో నారా లెయావ్ స్థానంలో పాడే చాన్స్ వచ్చింది. అమ్మాయిని ఒంటరిగా పంపలేక నాన్న, తోడుగా వెళ్లమని కయెతానోని పంపాడు. అలా చెల్లికి తోడుగా వెళ్లిన అన్న అక్కడే మ్యూజిక్‌లోకి పూర్తిగా దిగిపోయాడు. 1967లో గాల్ కోస్తాతో కలిసి మొదటి ఆల్బమ్ "దొమింగో" చేశాడు. అచ్చమైన బోసా నోవా. కానీ ఆ రికార్డు అట్ట వెనకే ఒక మాట రాసుకున్నాడు. ఇక నుంచి నా దారి వేరేగా ఉండబోతోంది అని.

ఇప్పుడు దేశం సంగతి. 1964లో సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసింది. అమెరికా దానికి అండగా నిలిచింది. కాబట్టి కాలేజీ కుర్రాళ్లలో, వామపక్షాల్లో అమెరికా అంటే మంట. అర్థం చేసుకోదగ్గ మంటే అది. అదే టైంలో టీవీ రికార్డ్ అనే చానల్‌లో రెండు షోలు పోటీగా నడిచేవి. ఒకదాన్ని ఎలిస్ రెజీనా హోస్ట్ చేసేది, అందులో "మన దేశపు" పాటలు. రెండోది రొబెర్తో కార్లోస్ షో, బీటిల్స్ స్టైల్‌లో ఎలక్ట్రిక్ గిటార్లు, టీనేజ్ ప్రేమ పాటలు. బీటిల్స్ పాటల్లో "యే యే యే" వస్తుంది కదా, అందుకని ఆ టైపు పాటల్ని "ఇయే ఇయే ఇయే" అని పిలిచేవాళ్లు.

అలా దేశం రెండు జట్లు అయింది. మామూలు గిటార్ పట్టుకుంటే దేశభక్తుడు. వైరున్న గిటార్ పట్టుకుంటే అమెరికా ఏజెంట్. మనం మొదట్లో చూసిన ఊరేగింపు ఈ వేడిలోంచి వచ్చిందే. ఇందులో ఒక తమాషా ఉంది. పదేళ్ల ముందు బోసా నోవా కొత్తగా వచ్చినప్పుడు దాన్ని కూడా కొందరు విమర్శకులు ఇలాగే తిట్టారు. ఇందులో జాజ్ వాసన వస్తోంది, ఇది అమెరికా సరుకు అని. పదేళ్లలో అదే బోసా నోవా "మన సంప్రదాయం" అయిపోయింది. దాన్ని కాపాడటానికి జనం రోడ్డెక్కారు.

ఇక 1967 అక్టోబర్. టీవీ రికార్డ్ పాటల పోటీ. ఇప్పటి మన రియాలిటీ షోలకి పది రెట్లు వేడి ఊహించుకోండి. హాల్లో జనం నచ్చకపోతే గోల చేసి పాట వినపడకుండా చేస్తారు. ఫైనల్ రోజు సెర్జియో రికార్దో అనే సింగర్ ఆ గోల భరించలేక తన గిటార్‌ని స్టేజ్ మీదే విరగ్గొట్టి ప్రేక్షకుల మీదకి విసిరేశాడు. అది మామూలు గిటారే లెండి, వైరు కూడా లేదు దానికి!

ఆ పోటీలో కయెతానో స్టేజ్ మీదకి వచ్చాడు. వెనకాల బీట్ బాయ్స్ అనే అర్జెంటీనా రాక్ బ్యాండ్, పొడుగు జుట్లు, చేతుల్లో ఎలక్ట్రిక్ గిటార్లు. వాళ్లని చూడగానే గోల మొదలైంది. పాట పేరు "అలెగ్రియా, అలెగ్రియా". ఎండలో నగరం వీధుల్లో నడుస్తున్న ఒక కుర్రాడు, న్యూస్ పేపర్ కొట్టు, సినిమా తారలు, కోకా కోలా, ఇవన్నీ కళ్ల ముందు కదులుతుంటాయి. విప్లవ పాట కాదు, ప్రేమ పాటా కాదు. విచిత్రం ఏంటంటే, పాట ముగిసేసరికి గోల చేసిన హాలే చప్పట్లు కొడుతోంది. నాలుగో స్థానం వచ్చింది. రెండో స్థానం ఎవరికి? జిల్‌బెర్తో జిల్‌కి. ఓస్ ముతాంతెస్ అనే టీనేజ్ రాక్ బ్యాండ్‌తో, ఎలక్ట్రిక్ గిటార్‌తో వచ్చాడు. మూడు నెలల క్రితం గిటార్ వద్దని ఊరేగిన అదే జిల్! ఆ రాత్రి మీద 2010లో ఒక డాక్యుమెంటరీ వచ్చింది, దొరికితే తప్పక చూడండి.

ఇక్కడ ఒక్క విషయం స్పష్టంగా చెప్పాలి. కయెతానో బోసా నోవాని వదిలేసి రాక్‌లోకి దూకలేదు. ఆయన వాదన ఇది. జొవావ్ జిల్‌బెర్తో ఏం చేశాడు? పాత సాంబా తీసుకున్నాడు, తన కాలంలో వినపడుతున్న జాజ్ తీసుకున్నాడు, రెండిటినీ కలిపి కొత్తది చేశాడు. మరి జొవావ్‌ని నిజంగా గౌరవించాలంటే ఆయన పాటని కాపీ కొట్టాలా, ఆయన చేసిన పనిని మనం మన కాలంలో మళ్లీ చెయ్యాలా? మన కాలంలో వినపడుతున్నది బీటిల్స్, జిమీ హెండ్రిక్స్. అంతే లాజిక్.

ఈ ఆలోచనకి వాళ్ల దేశంలోనే ఒక పాత వేరు కూడా ఉంది. 1928లో ఒస్వాల్ద్ ది అంద్రాది అనే రచయిత నరభక్షకుల మేనిఫెస్టో ఒకటి రాశాడు. 1556లో సార్దీన్యా అనే పోర్చుగీసు బిషప్‌ని అక్కడి ఆదివాసులు తినేశారని ఒక కథనం ఉంది. ఒస్వాల్ద్ తన మేనిఫెస్టో తేదీని ఆ సంఘటన నుంచి లెక్కపెట్టి వేశాడు! ఆయన చెప్పేది ఏంటంటే, బయటి నుంచి వచ్చినదానికి దణ్ణం పెట్టొద్దు, తలుపూ మూసెయ్యొద్దు. తినేసి అరిగించుకో, నీ ఒంటికి బలం అవుతుంది. మనకిది కొత్తేం కాదు. యూరప్ వయొలిన్ లేకుండా ఇప్పుడు కర్ణాటక కచేరీ ఊహించలేం. మన పాలకొల్లు నుంచి వచ్చిన మాండలిన్ శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండలిన్ మీదే త్యాగరాజ కీర్తనలు వాయించారు కదా.

1968లో కయెతానో, జిల్, గాల్ కోస్తా, టామ్ జే, ఓస్ ముతాంతెస్, ఆర్కెస్ట్రా రాసే రొజేరియో దుప్రా, ఇంకా ఇద్దరు కవులు కలిసి ఒక ఆల్బమ్ చేశారు. ఉద్యమం పేరు ట్రోపికాలియా. ఆ పేరు ఎల్యో ఒయ్‌తిసీకా అనే ఆర్టిస్ట్ చేసిన ఒక ఇన్‌స్టలేషన్ నుంచి వచ్చింది. ఆ ఆల్బమ్‌లో ఒక పాట నారా లెయావ్ పాడింది. హోటల్ కిటికీ దగ్గర నిలబడిన అదే నారా.

ఇప్పుడు దెబ్బలు మొదలవుతాయి. మొదటి దెబ్బ సొంత వాళ్ల నుంచే.

1968 సెప్టెంబర్, సావో పాలో కాథలిక్ యూనివర్సిటీ థియేటర్. ఇంకో పాటల పోటీ. హాలు నిండా స్టూడెంట్లు, ఎక్కువమంది వామపక్షం, సైనిక పాలనకి వ్యతిరేకులు. అంటే కయెతానో లాంటివాళ్లే. ఆయన ప్లాస్టిక్ బట్టలు వేసుకుని ఓస్ ముతాంతెస్‌తో వచ్చాడు. పాట పేరుకి అర్థం "నిషేధించడం నిషేధం". ఆ ఏడాది మే నెలలో పారిస్ స్టూడెంట్లు గోడల మీద రాసిన నినాదం అది. పాట మొదలవగానే గోల, టమాటాలు, గుడ్లు. జనం స్టేజ్‌కి వీపు తిప్పారు. బ్యాండ్ వాళ్లు కూడా జనానికి వీపు తిప్పి వాయించారు!

కయెతానో పాట ఆపేసి మాట్లాడటం మొదలుపెట్టాడు. గిటార్లు మోగుతూనే ఉన్నాయి, ఆయన అరుస్తూనే ఉన్నాడు. రేపు అధికారం తీసుకోవాలనుకుంటున్న యువతరం మీరేనా అని అడిగాడు. రెండు నెలల కిందట అదే ఊళ్లో మితవాద గూండాలు ఒక నాటకం మీద పడి నటుల్ని కొట్టారు. మీకూ వాళ్లకీ తేడా ఏంటి అన్నాడు. కళ విషయంలో ఉన్నట్టే రాజకీయాల్లోనూ ఉంటే మన పని అయిపోయినట్టే అన్నాడు. పక్కన జిల్ వచ్చి నిలబడ్డాడు. ఆ గోల, ఆ ప్రసంగం మొత్తం రికార్డు అయ్యాయి, డిస్క్‌గా కూడా వచ్చాయి. నేను విన్నప్పుడు మాటలు ఒక్కటీ అర్థం కాలేదు కానీ ఒళ్లు జలదరించింది. గుసగుసగా పాడే జొవావ్ శిష్యుడు, గొంతు చించుకుంటున్నాడు.

రెండో దెబ్బ అసలైన పవర్ నుంచి.

1968 డిసెంబర్ 13న సైనిక ప్రభుత్వం ఒక శాసనం తెచ్చింది. పేరు ఏఐ-5. చాట్‌బాట్ కాదండీ, ఐదో సంస్థాగత శాసనం అని. పార్లమెంటు మూత. రాజకీయ కేసుల్లో హెబియస్ కార్పస్ రద్దు, అంటే పట్టుకెళ్తే ఎందుకు పట్టుకెళ్లారని కోర్టులో అడిగే హక్కు లేదు. అన్నిటికీ సెన్సార్. రెండు వారాలు తిరిగేసరికి, డిసెంబర్ 27న, కయెతానో, జిల్‌లని సావో పాలోలో అరెస్ట్ చేసి రియో తీసుకెళ్లారు. ఛార్జ్ లేదు, విచారణ లేదు. మొదట ఒంటరి సెల్, తర్వాత బ్యారక్‌ల మధ్య తిప్పడం. ఇద్దరికీ గుండు చేశారు.

ఇంతకీ నేరం ఏంటి? ఇది మీరు బాగా వినాలి, ఎందుకంటే రోజూ మన ఫోన్లలో జరిగేది ఇదే. అక్టోబర్‌లో రియోలో ఒక నైట్ క్లబ్‌లో వాళ్ల షో జరిగింది. ఆ షోలో జాతీయ గీతాన్ని బూతు మాటలతో మార్చి, "ట్రోపికాలియా" పాట ట్యూన్‌లో పాడారని ఒక టీవీ, రేడియో హోస్ట్ ప్రచారం చేశాడు. అలా జరగనే లేదు. అచ్చంగా ఫేక్ న్యూస్. ఫార్వర్డ్ బటన్ లేని రోజుల్లోనే అది మిలిటరీ దాకా పాకిపోయింది.

విచారించే ఆఫీసర్‌కి కయెతానో ఏం చెప్పాడో తెలుసా? ఛందస్సు పాఠం! మా జాతీయ గీతంలో పాదానికి పది సిలబుల్స్ ఉంటాయి, నా పాటలో ఎనిమిది ఉంటాయి, అది ఇందులో పట్టనే పట్టదు అన్నాడు. టెన్త్‌లో గురువులు, లఘువులు లెక్కపెట్టి "ఇది జీవితంలో ఎక్కడ పనికొస్తుంది సార్" అని అడిగాం కదా మనం. ఒక మనిషికి మిలిటరీ వాళ్ల ముందు కూర్చున్నప్పుడు పనికొచ్చింది. వదిలిపెట్టలేదనుకోండి, అది వేరే సంగతి.

మొత్తం 54 రోజులు. అన్ని రోజులూ అద్దంలో ముఖం చూసుకోలేదు. ఆ జైలు మీద 2020లో వచ్చిన డాక్యుమెంటరీ పేరుకి అర్థం "సెలవుల్లో నార్సిసస్". తన ప్రతిబింబాన్నే ప్రేమించిన గ్రీకు కుర్రాడికి అద్దం దొరక్కపోతే అన్నమాట. జైల్లో గిటార్ లేదు. చెల్లి ఐరీన్ నవ్వు గుర్తొచ్చి మనసులోనే ఒక పాట కట్టుకున్నాడు. ఒక రోజు భార్య ఒక మ్యాగజైన్ తెచ్చి ఇచ్చింది. అందులో అంతరిక్షం నుంచి తీసిన భూమి ఫోటోలు ఉన్నాయి. భూమి మొత్తాన్ని అలా చూడటం అప్పుడప్పుడే మనుషులకి సాధ్యమవుతోంది. నాలుగు గోడల మధ్య ఉన్నవాడు భూమి మొత్తం చూశాడు. పదేళ్ల తర్వాత, 1978లో, "తేరా" అనే పాటలో ఆ క్షణాన్ని పెట్టాడు. తేరా అంటే భూమి.

1969 ఫిబ్రవరిలో వదిలారు. వదిలారంటే పూర్తిగా కాదు. సాల్వదోర్ దాటకూడదు, రోజూ పోలీసులకి కనపడాలి, స్టేజ్ ఎక్కకూడదు, ఇంటర్వ్యూలు ఇవ్వకూడదు. అలాంటప్పుడు ఒక ఆల్బమ్ రికార్డు చేశాడు. సాల్వదోర్‌లో కయెతానో గొంతు, జిల్ గిటార్ మాత్రం రికార్డు చేసి పంపితే, దుప్రా ఆర్కెస్ట్రాని తర్వాత కలిపాడు. ఇప్పటి భాషలో వర్క్ ఫ్రమ్ హోమ్ ఆల్బమ్! కవర్ మీద ఫోటో లేదు. తెల్లటి అట్ట మీద ఆయన సంతకం, అంతే. చివరికి దేశం వదిలి వెళ్లిపొమ్మన్నారు. విమానం ఖర్చులకి రెండు రోజులు షో చేసుకోనిచ్చారు, జూలై 20, 21. మనిషి చంద్రుడి మీద దిగింది సరిగ్గా ఆ జూలై 20నే. ప్రపంచమంతా చంద్రుణ్ని చూస్తుంటే వీళ్లిద్దరూ సొంత ఊరికి వీడ్కోలు పాడుతున్నారు.

తర్వాత లండన్. చలి, డిప్రెషన్, ఒంటరితనం. అక్కడే 1971లో ఎక్కువగా ఇంగ్లీషులో ఒక ఆల్బమ్ చేశాడు. ఆశ్చర్యం ఏంటంటే, బ్రెజిల్‌లో ఇన్నాళ్లూ స్టూడియోలో ఆయన్ని గిటార్ వాయించనిచ్చేవాళ్లు కాదు, నీకంత బాగా రాదని. లండన్ ప్రొడ్యూసర్లు మాత్రం నీ చేతి వాటమే బాగుంది, నువ్వే వాయించు అన్నారు. గిటార్ గురించి ఇంత గొడవ జరిగిన మనిషి, రికార్డు మీద సొంతంగా గిటార్ పట్టింది ప్రవాసంలోనే.

1971 మొదట్లో అమ్మానాన్నల 40వ పెళ్లిరోజుకి కొద్దిరోజులు రానిచ్చారు. రియోలో విమానం దిగగానే పట్టుకెళ్లి గంటల తరబడి ప్రశ్నలు. అమెజాన్ అడవిలోంచి ప్రభుత్వం వేస్తున్న పెద్ద హైవేని పొగుడుతూ ఒక పాట రాయమన్నారు. రాయనన్నాడు. మళ్లీ లండన్.

ఇప్పుడు నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు. అదే ఏడాది లండన్‌లో ఫోన్ మోగింది. అవతల జొవావ్ జిల్‌బెర్తో. 17 ఏళ్ల వయసులో బార్‌లో విన్న ఆ గొంతే. నేనూ గాల్ కోస్తా టీవీలో ఒక ప్రోగ్రాం చేస్తున్నాం, నువ్వూ రా అన్నాడు. కయెతానోకి భయం. మొన్ననే కదా ఎయిర్‌పోర్టులో పట్టుకున్నారు. ఏం కాదు, వచ్చెయ్ అన్నాడు జొవావ్. నమ్మి వచ్చాడు. నిజంగానే ఎవరూ ఆపలేదు. ముగ్గురూ కలిసి పాడారు. ఆ ధైర్యంతోనే 1972 జనవరిలో శాశ్వతంగా ఇంటికి వచ్చేశాడు.

ఒక్కసారి ఆలోచించండి. బోసా నోవాని కాపాడతామని ఎలక్ట్రిక్ గిటార్ మీద ఊరేగారు. బోసా నోవా పాడినవాణ్ని ద్రోహి అన్నారు. కానీ బోసా నోవాని పుట్టించిన మనిషికి ఆ కుర్రాడి మీద ఏ కోపమూ లేదు. పైగా ఇంటికి పిలిచింది ఆయనే.

లండన్‌లో రికార్డు చేసి 1972లో వచ్చిన "ట్రాంజా" ఆల్బమ్ వినండి. ఒకే పాటలో పోర్చుగీసూ ఇంగ్లీషూ, రాక్ బేస్ లైన్ కింద బయీయా తాళాలు, లండన్ వీధుల్లో ఆయన అప్పుడే కొత్తగా విన్న రెగె. అప్పటివరకు రాక్, బోసా నోవా పక్కపక్కన కూర్చున్నట్టు ఉంటాయి. ఇందులో ఏది ఎక్కడ ముగిసి ఏది మొదలైందో వేలు పెట్టి చూపించలేం. తర్వాత 1973లో "అరసా అజూల్" అనే ప్రయోగాల ఆల్బమ్ తెచ్చాడు. కొన్నవాళ్లలో చాలామంది షాపులో తిరిగి ఇచ్చేశారు. రిటర్న్ పాలసీ అప్పుడు కూడా ఉందన్నమాట.

ఆ తర్వాతి యాభై ఏళ్లు వేగంగా చెప్తాను. 1978 చివరికి ఏఐ-5 పోయింది, 1985లో సైనిక పాలన పోయింది. తనతో జైలుకెళ్లిన జిల్ 2003 నుంచి 2008 దాకా ఆ దేశ సాంస్కృతిక మంత్రి! ఆత్మకథ 1997లో, గ్రామీ 2000లో. అదే 2000లో జొవావ్ జిల్‌బెర్తో ఒక ఆల్బమ్ తెచ్చాడు. ఒక్క గొంతు, ఒక్క గిటార్, ఇంకేం లేదు. ప్రొడ్యూసర్ ఎవరనుకున్నారు? కయెతానో. దానికీ గ్రామీ వచ్చింది. గురువు పక్కన కూర్చున్నప్పుడు ఒక్క వైరు కూడా తగిలించలేదు.

అక్కడితో ఆగాడా? 2004లో నిర్వానా పాట పాడాడు. 2006లో, 64 ఏళ్ల వయసులో, తన పిల్లల తరం కుర్రాళ్లు ముగ్గురిని పెట్టుకుని పక్కా రాక్ ఆల్బమ్ "సే" చేశాడు. అదే బ్యాండ్‌తో 2012లో బోసా నోవాని ఆకాశానికెత్తే ఒక పాట చేశాడు, ఎలక్ట్రిక్ గిటార్ల మోతతో. టైటిల్‌లో ఒక బూతు మాట ఉంది కాబట్టి నేను అనువదించను. మెచ్చుకోలుగా వాడే బూతే లెండి. ఇక మీమ్ ఫ్యాన్స్ కోసం: 2011లో ఒక వెబ్‌సైట్ "లెబ్లోన్‌లో కారు పార్క్ చేసిన కయెతానో" అని వార్త వేసింది. అంతే వార్త. బ్రెజిల్ ఇంటర్నెట్ దాన్ని ఇప్పటికీ వదల్లేదు. 2022లో, 79 ఏళ్ల వయసులో, పర్యావరణాన్ని దెబ్బతీసే బిల్లులకి వ్యతిరేకంగా రాజధానిలో పార్లమెంటు ముందు వేలమందితో నిలబడ్డాడు. ఆ సభ పేరులో కూడా "తేరా" ఉంది. జైల్లో చూసిన ఆ ఫోటో ఆయన్ని వదల్లేదు అనిపిస్తుంది నాకు.

చివరిగా ఒక మాట. నా సీనియర్ చెప్పిన పడవల సామెత తప్పని నేను అనను. కయెతానో నిజంగానే మునిగాడు. సొంతవాళ్లు గుడ్లు విసిరారు, సైన్యం గుండు చేసింది, రెండున్నరేళ్లు దేశం లేకుండా బతికాడు. అది చిన్న ధర కాదు, రొమాంటిక్‌గా చెప్పుకోవాల్సిందీ కాదు. నన్ను ఎవరూ జైల్లో పెట్టలేదు, ఒక్క హాలు గోల చేస్తేనే గిటార్ అటక ఎక్కించాను. కానీ ఆ రోజు నాకు ఒక్కరు కూడా చెప్పని విషయం ఈ కథ చెప్పింది. ఆ కీర్తన మీద నాకున్న ఇష్టం, గిటార్ మీద ఉన్న ఇష్టం రెండూ నిజమే. ఒకటి ఉందని రెండోది అబద్ధం అయిపోదు. సంప్రదాయాన్ని కాపాడుతున్నాం అంటూ మిమ్మల్ని ఎవరైనా గోల చేసి దింపేస్తే, ఆ సంప్రదాయం పుట్టినప్పుడు దాన్ని ఎవరు గోల చేశారో ఒకసారి వెతకండి. దాదాపు ప్రతిసారీ ఎవరో ఒకరు దొరుకుతారు.

వినడం మొదలుపెట్టాలంటే ఈ వరసలో వినండి. మొదట జొవావ్ జిల్‌బెర్తో "షేగా ది సౌదాది". తర్వాత "అలెగ్రియా, అలెగ్రియా". తర్వాత "ట్రాంజా" ఆల్బమ్ మొత్తం, షఫుల్ చెయ్యకుండా. చివర్లో "తేరా", రాత్రి లైట్లు ఆపేసి.

మిమ్మల్ని ఎప్పుడైనా ఎవరైనా "ఏదో ఒకటి తేల్చుకో" అన్నారా? ఏం తేల్చుకున్నారు? కామెంట్స్‌లో రాయండి, నేను అన్నీ చదువుతాను. అన్నట్టు, గిటార్ అటక మీంచి దింపాను. రెండు తీగలు తుప్పు పట్టాయి, మార్చాలి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.